టకటకమ్మ ఎంచిన గిన్నె

మా ఊరి గ్రంథాలయంలో జీవిత చరిత్రల బీరువా ఒకటి ఉంది. అందులో ఉన్నవన్నీ చదివేశాను. యుద్ధాలు గెలిచినవాళ్లు, కంపెనీలు పెట్టినవాళ్లు, ఉపన్యాసాలిచ్చినవాళ్లు. పగిలినదాన్ని బాగుచేసిన మనిషి ఒక్కరూ లేరు. ఆ మహానుభావులు ముఖం కడుక్కున్న బేసిన్లను ఎవరు చేశారో, ఎవరు పరీక్షించారో ఏ పుస్తకమూ చెప్పదు. ఆ బీరువాలో చోటు దొరకదని తెలిసే మా అత్త గురించి రాస్తున్నాను.

అత్త మా నాన్నకు అక్క. పింగాణీ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు పనిచేసింది. వాష్ బేసిన్లు, కమోడ్లు తయారయ్యే చోటది. బట్టీలో కాలి, చల్లారి బయటికొచ్చిన ప్రతి వస్తువునూ చిన్న కొయ్యసుత్తితో నాలుగు చోట్ల కొట్టి వినడం ఆమె ఉద్యోగం. గంటలా మోగితే సుద్దముక్కతో ఒక గీత. మూగగా పలికితే తుక్కుగుట్టలోకి. అక్కడ అందరూ ఆమెను టకటకమ్మ అనేవాళ్లు. బడిలో మాస్టారు మీ ఇంట్లో ఎవరేం చేస్తారని అడిగితే మా అన్న లేచి, "మా అత్త కమోడ్లు కొడుతుంది సార్" అన్నాడట. క్లాసంతా పడీపడీ నవ్వింది. ఆరేళ్ల తర్వాత అదే బల్ల దగ్గర నన్నూ అడిగారు. నేను తెలివిగా "ఫ్యాక్టరీలో ఆఫీసరు" అన్నాను. ఇద్దరిలో అన్నే నయం.

మనిషి పొట్టి. భుజాన ఎప్పుడూ ఒక గుడ్డసంచి. అందులో సుత్తి, టేపు, కత్తెర, మూరెడు పొడవున్న కొయ్యగరిటె. ఆ గరిటె ఎందుకో మాకెప్పుడూ తెలియలేదు. చిన్నప్పుడు మమ్మల్ని కొట్టడానికనుకునేవాళ్లం. ఎదురుగా నిలబడి మాట్లాడితే తప్ప జవాబివ్వదు. వెనకనుంచి పిలిస్తే తిరిగి చూడదు. వయసుతో పాటు పొగరూ పెరిగిందని చుట్టాల్లో చెప్పుకునేవాళ్లు.

మా అన్న పదకొండేళ్లు ఒక పెద్ద హోటల్లో వంటవాడు. హోటల్ చేతులు మారింది. కొత్త యజమాని తన మనుషుల్ని తెచ్చుకుని పాతవాళ్లనందర్నీ ఒకే ఉదయం బయటికి పంపాడు. పద్నాలుగు నెలలు అన్న ఇంట్లోనే ఉన్నాడు. మొదట్లో కత్తులకు పదును పెట్టుకునేవాడు. తర్వాత అదీ మానేశాడు. అలాంటప్పుడు ఒక ఈత క్లబ్బు మేనేజరు కబురు పంపాడు. శనివారం మధ్యాహ్నం మా క్లబ్బు పెరట్లో ముప్ఫై మందికి నిప్పులమీద వండి పెట్టు, మా సభ్యులకు నచ్చితే క్యాంటీన్ నీదే అని. పొయ్యి మాత్రం అన్నే తెచ్చుకోవాలి.

సోమవారం అన్న మూసేస్తున్న ఒక హోటల్ నుంచి వాడిన గ్రిల్లు తెచ్చాడు. గుడ్డులా ఉండే పింగాణీ బొగ్గుల పొయ్యి. మందమైన పైడొల్ల, దానికి కీలుతో బరువైన మూత, లోపల బొగ్గులు పోసే మట్టిగిన్నె, దానిమీద ఇనుప జాలీ. అంతా బాగానే ఉంది. మసి పట్టి ఉంది, అంతే. అక్కడే అన్న, వంటవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు చేశాడు. పదకొండేళ్లు హోటల్ వంటగదిని తళతళలాడించిన చెయ్యి ఊరుకోదు కదా. సబ్బునీళ్లు నిండుగా పోసి రాత్రంతా నానబెట్టాడు. పొద్దున్నే తోమి, తుడిచి, నిండా బొగ్గులు పోసి భగ్గుమని మండించాడు. ఇరవై నిమిషాలకు పెరట్లో టపాకాయ పేలినట్టయింది. లోపలిగిన్నె అయిదు ముక్కలు. ఆరోది పిండి.

వదిన తలుపు దగ్గర నిలబడి అంది: "మీ అన్నయ్యకు కంటికి కనబడిందల్లా కడగాల్సిందే. నన్నొక్కదాన్నే ఇంకా నానబెట్టలేదు."

సాయంత్రానికి అత్త వచ్చింది. పొయ్యిలో చెయ్యి పెట్టి, వేళ్లకంటిన తడిబూడిదను చూసింది.

"దీనికి తలంటు పోసిందెవడ్రా?"

అన్న నేలచూపులు చూశాడు.

"మట్టి నీళ్లు తాగుతుందిరా. తాగినదాన్ని మెల్లగా ఆరనివ్వాలి. నువ్వు ఒక్కసారిగా మంట పెడితే లోపలున్న నీళ్లు ఆవిరై తన్నవూ? బట్టీ దగ్గర తడి సరుకు పెట్టినవాణ్ణి ఆ రోజే ఇంటికి పంపేవాళ్లు."

"నన్ను ముందే పంపేశారు కదా అత్తా" అన్నాడు అన్న.

అత్త నవ్వలేదు. పైడొల్లను చుట్టూ కొట్టి చూసింది. బాగుంది. మూత బాగుంది. మూత అంచున గాలి పోకుండా అంటించే ఉన్నిపట్టీ కాలి రాలిపోయింది, అది మార్చాలి. గిన్నె మాత్రం పనికిరాదంది. మంటకు తట్టుకునే సిమెంటుతో ముక్కలు అతికించవచ్చని ఎక్కడో చదివాను, అదే చెప్పాను.

"వేడికి సిమెంటు ఒకలా సాగుతుంది, గిన్నె ఒకలా సాగుతుంది. మొగుణ్ణీ పెళ్లాన్నీ ఒకే చొక్కాలో పెట్టి కుట్టినట్టు. ఎన్నాళ్లుంటుంది?"

కంపెనీకి ఫోన్ చేసింది నేనే. ఆ కొలత గిన్నె చెయ్యడం మానేసి తొమ్మిదేళ్లయిందట. కొత్త కొలత రెండు వేళ్లు పెద్దది. అది కావాలన్నా ఆరు వారాలు ఆగాలి. మాకున్నది నాలుగు రోజులు.

ఇక మిగిలింది పాతసామాన్ల అడితి. బయల్దేరే ముందు అత్త అట్టముక్కను గుండ్రంగా కత్తిరించి పొయ్యిలోకి దింపింది. గిన్నె కూర్చునే చోట అట్ట సరిగ్గా ఇమిడేదాకా అంచులు కత్తిరిస్తూ వచ్చింది. తర్వాత చుట్టూ ఇంకో చిటికెనవేలు వెడల్పు తీసేసింది.

"కొలత సరిపోయింది కదా, మళ్లీ ఎందుకు కోశావు?" అన్నాను.

"వేడెక్కితే గిన్నె కూడా ఒళ్లు చేస్తుందిరా. దానికి మసలడానికి చోటుండద్దూ?"

బుధవారం ముగ్గురం అడితికి వెళ్లాం. విరిగిన కుర్చీలు, హోటళ్లు వదిలించుకున్న పొయ్యిలు, తలుపుల్లేని ఫ్రిజ్‌లు. ఆ యజమాని ఆడామగా తేడా లేకుండా అందర్నీ చుట్టరికం కలుపుకుని పిలుస్తాడు. వెతికి వెతికి రెండు గిన్నెలు తెచ్చి ఎండలో పెట్టాడు. రెండూ అట్టకు సరిపోయాయి. ఒకటి తెల్లగా, కొత్తదానిలా ఉంది. రెండోదానికి పైనుంచి కిందిదాకా నిలువునా ఒక చీలిక. వేలిగోరు దూరేంత.

అన్న తెల్లదాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు.

"దించరా" అంది అత్త.

సుత్తితో కొట్టింది. తెల్లగిన్నె ఠంగుమంది. నా చెవికి అంతకన్నా బాగా మోగేది ఉండదనిపించింది. అత్త తల అడ్డంగా ఆడించి, సంచిలోంచి కొయ్యగరిటె తీసింది. గరిటె తలను గిన్నె అడుగంచుకు ఆనించి, కాడ చివరను దవడ ఎముకకు నొక్కుకుంది. కళ్లు మూసుకుంది. మళ్లీ కొట్టింది. గిన్నెను కాస్త తిప్పింది. మళ్లీ కొట్టింది.

అప్పుడు అర్థమైంది నాకు. అత్తకు చెవులు వినబడటం లేదు. ఎప్పటినుంచో వినబడటం లేదు. బట్టీ పక్కనే ఇరవై ఆరేళ్లు, ఆ ఫ్యాన్ల హోరులో. ఫ్యాక్టరీవాళ్లు పదవీ విరమణ రోజున గోడగడియారం ఇచ్చారు. చెవుల సంగతి అడిగినవాడు లేడు. మేము పొగరనుకున్నాం. వినికిడి పోతే ఆమె ఎముకతో వినడం నేర్చుకుంది. ఎవరికీ చెప్పలేదు, ఎవరి సాయమూ అడగలేదు. నేను చదివిన బీరువాలో ఇంత గట్టి మనిషి తగల్లేదు.

"పైన పలుకుతోంది. అడుగున మాట మింగేస్తోంది" అంది కళ్లు తెరిచి. "లోపల చీలికుంది."

"అక్కోయ్, అమ్ముకు బతికేవాణ్ణి. నా నోట్లో మట్టి కొట్టకు" అన్నాడు యజమాని.

అత్త తడిగుడ్డ అడిగి తెల్లగిన్నె అడుగంతా తుడిచింది.

"నేను తడిపితే తిట్టావు" అన్నాడు అన్న.

"నువ్వు నానబెట్టావు. నేను తుడుస్తున్నాను. చూడు."

ఎండకు తడి ఆరిపోతూ వచ్చింది. అంతా ఆరాక అడుగున ఒక్క గీత మాత్రం నల్లగా మిగిలింది, వెంట్రుకంత. సగం గిన్నెను చుట్టేసి ఉంది. యజమాని ముక్కున వేలేసుకున్నాడు.

"మరి మనకు గతి?" అన్నాడు అన్న.

అత్త చీలిక గిన్నెను చూపించింది.

"పగిలినదాన్నా? అత్తా, శనివారం ముప్ఫై మంది ముందు అది విచ్చుకుంటే నా బతుకేం కావాలి? ఇంకో పిలుపు రాదు నాకు."

"ఆ తెల్లది రేపు పగలాలని ఉంది. ఇది ఎప్పుడో పగిలిపోయింది. పగలాల్సినంతా అయింది దీనికి, ఇంక ఆ పని లేదు. వేడెక్కినప్పుడు ఆ చీలికే కాస్త తెరుచుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. ఇప్పుడు కంపెనీవాళ్లే గిన్నెల్ని కోసి అమ్ముతున్నారటగా. చెప్పరా, నువ్వు చదివావుగా."

నిజమే. ఫోన్ చేసిన రోజున కంపెనీవాళ్ల కేటలాగు చూశాను. కొత్త గిన్నెకు కావాలనే చీలిక పెట్టారు. అదే చెప్పాను. అన్న నావైపు చూశాడు, అత్తవైపు చూశాడు.

"నువ్వు సరిగ్గా విన్నావా అత్తా?"

ఆమె చెవుల సంగతి ఇప్పుడు బయటపడితే అన్న ఆ గిన్నెను ముట్టుకోడు. నేను నోరు విప్పలేదు. అత్త మాత్రం అన్న చెయ్యి లాగి చీలిక గిన్నె మీద అరచెయ్యి ఆనించి, సుత్తితో కొట్టింది. చీలికకు అటొకసారి, ఇటొకసారి, అడుగున ఒకసారి.

"వణుకు తెలుస్తోందా? ఎక్కడైనా తెగిందా?"

"లేదు."

"అయితే నా చెవులతో పనేముంది, నీ చెయ్యి చెప్పిందిగా."

గురువారం అత్త గిన్నెను పొయ్యిలో కూర్చోబెట్టింది. చీలికను కింది గాలితలుపుకు ఎదురువైపు తిప్పింది. చుట్టూ స్టీలుపట్టీ వేసి, బిగించకుండా కొసల మధ్య అడితిలో దొరికిన ఒక పాత గ్రిల్లు కీలులోని స్ప్రింగును తగిలించింది. గిన్నె సాగితే పట్టీ కూడా సాగాలట. ఉన్నిపట్టీని లాగి అంటించబోతే నా చేతిమీద ఒక్కటి వేసింది. "లాగకు, దగ్గరికి తోస్తూ అంటించు. వేడికి అది కుంచించుకుపోతుంది." శుక్రవారం పొద్దున గుప్పెడు బొగ్గులు, మధ్యాహ్నం రెండు గుప్పెళ్లు, సాయంత్రం గిన్నెలో సగం. అన్న పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, జ్వరం వచ్చిన పిల్లాడి పక్కన కూర్చున్నట్టు. గుడ్డ అతని చేతికందకుండా వదిన దాచేసింది.

శనివారం క్లబ్బు పెరడు నిండిపోయింది. మేనేజరు తెల్లబూట్లేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. గంటసేపు అంతా సాఫీగా సాగింది. చేపలు అయ్యాయి. కోడిముక్కలు జాలీమీదకెక్కాయి. అన్న మూత తీసి కింది గాలితలుపు పూర్తిగా తెరిచాడు. నిప్పు ఎర్రబడింది.

ఠక్కుమని పెద్ద చప్పుడు.

ముందు వరుసలో ఉన్నవాళ్లు వెనక్కి జరిగారు. మేనేజరు ఆగిపోయాడు. అన్న పట్టకారు చేతిలో ఉండగానే కొయ్యబారిపోయాడు. అత్త అవతల బల్లమీద ఉల్లిపాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు. ఆమెకు వినబడలేదని ఆ పెరట్లో నాకొక్కడికే తెలుసు. పరుగున వెళ్లేలోపే కత్తి పక్కన పెట్టి అన్న ముఖం వైపు చూసింది. చాలు, ఆ ముఖంలో అంతా ఉంది.

నడిచివచ్చింది, హడావుడి లేకుండా. సంచిలోంచి గరిటె తీసి పొయ్యి ఇనుపకాలికి ఆనించి, రెండో కొసను దవడకు నొక్కుకుంది. కళ్లు మూసుకుని సుత్తితో డొల్లను మెల్లగా తట్టింది.

"ఆవిడేం చేస్తున్నారు?" అన్నాడు మేనేజరు.

"మా అత్తండీ. పొయ్యికి నాడి చూస్తోంది" అన్నాడు అన్న. నలుగురు నవ్వారు.

అత్త కళ్లు తెరిచింది. "స్టీలుపట్టీ సర్దుకుందంతే. గిన్నె ఒళ్లు చేసిందిగా మరి. ముక్కలు తిప్పరా, ఓ పక్క మాడుతున్నాయి."

అన్న తిప్పాడు. ఇంకో రెండు గంటలు తిప్పుతూనే ఉన్నాడు. ఇంకే చప్పుడూ రాలేదు. జనం రెండోసారి పళ్లేలు తెచ్చుకున్నారు. మేనేజరు వేళ్లు నాక్కుంటూ వచ్చి, "సోమవారం పొద్దున్నే వచ్చెయ్. ఆవిణ్ణీ తీసుకురా" అన్నాడు. పొయ్యి చల్లారాక బూడిద తోసి చూశాం. స్టీలుపట్టీ అంగుళం కిందికి జారి ఉంది. చీలిక బుధవారం ఎంతుందో అంతే. అన్న అలవాటుకొద్దీ నీళ్లబకెట్టు వైపు చెయ్యి చాచాడు. అత్త గరిటెతో ఆ చేతిమీద ఒక్కటిచ్చింది. చిన్నప్పుడు మేమనుకున్నది మరీ అబద్ధమేం కాదు.

ఇంటికి అత్తా నేనూ నడిచే వెళ్లాం. సందు మలుపులో ఆగి నావైపు తిరిగింది.

"నీకు తెలిసిపోయింది కదూ?"

తలూపాను.

"అన్నకు చెప్పావా?"

"లేదు."

సంచిని రెండో భుజానికి మార్చుకుంది. తర్వాత చిన్నపిల్లలా ఆత్రంగా అడిగింది: "ఆ చప్పుడు ఎలా వచ్చిందిరా? ఠక్కునా, ఠంగునా?"

"ఠక్కున. తలుపు గెడ పడినట్టు" అన్నాను, ఆమె నా పెదవులు చూసేలా మెల్లగా. అర్థమైందో లేదోనని ఆమె అరచెయ్యి తీసుకుని వేలి కణుపుతో ఒక్కసారి గట్టిగా కొట్టి చూపించాను.

"ఇనుము చప్పుడే" అంది అత్త తృప్తిగా. "మట్టయితే అలా పలకదు." మళ్లీ చెయ్యి చాపింది. "ఏదీ, ఇంకోసారి."