తాఫోంగ్ మామయ్య కొన్న పలచని గిటారు

మా దోంగీ అత్త తన భర్త తాఫోంగ్ మామయ్య పరుపు చుట్టి గడప బయట పెట్టిన రోజున వాన పడుతోంది. తడవకుండా చూరు కింద పెట్టింది. తైవాన్ తూర్పు తీరంలోని మా అమిస్ తెగవాళ్లలో దానికి అర్థం ఒకటే. ఇల్లు ఆడదానిది, పొలం ఆడదానిది. పెళ్లయ్యాక మగవాడే ఇల్లరికం వెళ్తాడు. పరుపు బయట కనబడితే కాపురం అయిపోయినట్టే, ఇక అతను అడగవలసిందేమీ ఉండదు. తాఫోంగ్ మామయ్యా అడగలేదు. పరుపు ఎడమ భుజాన వేసుకుని, సముద్రం వెంట వచ్చే బస్సెక్కి, ముప్పావు గంటలో తన అక్క ఇంటికి, అంటే మా ఇంటికి వచ్చేశాడు. అప్పుడాయనకు యాభై రెండు. నాకు ఇరవై.

అమ్మ వాకిట్లో కందికాయలు ఒలుస్తోంది. తలెత్తి చూసింది.

"పరుపు తడిసిందా?"

"లేదక్కా."

"అయితే వెనకగదిలో పరుచుకో. అన్నం ఉంది."

అంతే. ఆ విషయం గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం నేను మళ్లీ వినలేదు.

మామయ్య పదిహేడో ఏట తైపే వెళ్లాడు. సెంట్రింగ్ పని. ముప్పై మూడేళ్లు ఆ ఊళ్లో మేడలకి చెక్కలు బిగించాడు, విప్పాడు. ఏడాదికి రెండుసార్లు ఇంటికొచ్చేవాడు. పిల్ల పుట్టినప్పుడు లేడు, అత్తగారు పోయినప్పుడు లేడు. ఒకరోజు మూడో అంతస్తు పరంజా మీంచి పడ్డాడు. కుడి భుజంలో ఇనుపరేకు వేసి కుట్టారు. మోచెయ్యి పక్కకి లేవదు. కుడి చేతి వేళ్లకి స్పర్శ సరిగా లేదు. టీ గ్లాసు పట్టుకుంటే కాలుతోందో లేదో ఆయనకి తెలియదు, చర్మం ఎర్రబడ్డాక మనమే చెప్పాలి.

ఆ తర్వాత రెండేళ్లు దోంగీ అత్త ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడంటే నిజంగా కూర్చున్నాడు. అత్త చెడ్డమనిషి కాదు. తిట్టింది, బతిమాలింది, చివరికి ఒకనాడు, "ఇంటి స్తంభానికీ నీకూ తేడా ఏముందయ్యా? స్తంభమైతే కప్పునన్నా మోస్తుంది" అందట. మామయ్య ఆలోచించి, "నిజమే" అన్నాడట. ఆ 'నిజమే' అన్నదే తను భరించలేకపోయానని అత్త తర్వాత మా అమ్మకి చెప్పింది.

మా ఇంట్లోనూ అదే వరస. మేనమామ అంటే మా ఇళ్లలో పెద్దతలకాయ. పెళ్లి మాటలైనా గట్టు తగాదా అయినా ఆయన ముందు పెట్టాల్సిందే. ఒకసారి మా పెద్దమ్మ కొడుకులిద్దరూ పొలం గట్టు తగువు పట్టుకొచ్చారు. గంటసేపు అరుచుకున్నారు. మామయ్య శ్రద్ధగా విన్నాడు. అంతా విని, "మీకెలా తోస్తే అలా చేసుకోండి" అన్నాడు. వాళ్లు మొహాలు చూసుకుని వెళ్లిపోయారు.

"ఒరే, నిన్ను తీర్పు చెప్పమని పిలిచారు గానీ వాతావరణం చెప్పమని కాదు" అని అమ్మ విసుక్కుంది.

"వాళ్లిద్దరిదీ న్యాయంగానే ఉందక్కా."

"ఇద్దరిదీ న్యాయమైతే తగువెందుకొచ్చిందిరా?"

అన్నం దగ్గరా అంతే. పెట్టింది తినేవాడు. చాలు అనేవాడు కాదు, ఇంకా కావాలని అడిగేవాడు కాదు.

మా నాన్న దూరసముద్రాల పడవ మీద పనిచేసేవాడు. ఆయన లేనప్పుడు ఆయన గిటారు గోడకి వేలాడుతూ ఉండేది. నేను ఓడరేవులోని ఐసు ఫ్యాక్టరీలో పని చేసి మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చేదాన్ని. ఒకరోజు వచ్చేసరికి మామయ్య ఆ గిటారు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. పాతకాలపు లావుపాటి పొట్ట గిటారు. కుడి మోచెయ్యి దాని మీదకి ఎక్కడం లేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని పైకెత్తి పెట్టాడు. జారిపోయింది. మళ్లీ పెట్టాడు. జారిపోయింది. లేచి, గిటారు మీద దుమ్ము చొక్కా అంచుతో తుడిచి, యథాస్థానంలో తగిలించాడు. ఆయన మొహంలో కోపమూ లేదు, దిగులూ లేదు. కిటికీ మూయబోతే బిగుసుకుపోయి మూసుకోకపోతే ఎలా ఉంటామో అలా ఉన్నాడు.

అమ్మకి చెప్పాను.

"సైట్లో వాడు వాయిస్తే పక్క సైట్ల వాళ్లు కూడా వచ్చి కూర్చునేవారట. మీ నాన్న చెప్పాడు" అంది. తర్వాత, "వాడు అడగడు. నువ్వు తీసుకుపో. దెబ్బకొచ్చిన డబ్బు పోస్టాఫీసులో నిద్రపోతోంది" అంది.

శనివారం మా నీలం ట్రక్కులో ఆయన్ని తైతుంగ్ పట్నం తీసుకెళ్లాను. ఎక్కడికని అడగలేదు. గిటార్ల దుకాణం ముందు ఆపితే దిగాడు. దుకాణం నడిపే ఖూ గారు మంచి మాటకారి. భుజం సంగతి వినగానే లోపల్నించి ఒకటి పట్టుకొచ్చాడు. చూస్తే గిటారే, కానీ పక్కనించి చూస్తే నాలుగు వేళ్ల లోతు కూడా లేదు.

"ఇదేంటండీ, దీనికి తిండి పెట్టలేదా? కడుపు వీపుకి అంటుకుపోయింది" అన్నాను.

"స్టేజీ మీద వాయించేవాళ్లు ఇదే అడుగుతారమ్మాయ్. లావు పొట్టది ఒళ్లో కూర్చుంటుంది, ఇది ఒంటికి అతుక్కుంటుంది. పొట్ట లేదు గనక దానంతటది గట్టిగా పలకదు. అందుకే పక్కన చూడు, మీటలు, లోపల బ్యాటరీ. వైరు తగిలించి స్పీకరులో పెడితే సంత మొత్తం వినబడుతుంది."

మామయ్య కూర్చున్నాడు. మోచెయ్యి ఏ ఇబ్బందీ లేకుండా దాని అంచు మీద ఆనింది. ఖూ గారు వైరు గుచ్చాడు. మామయ్య ఒక్కసారి మీటాడు. దుకాణమంతా మోగింది. ఆయన తన కుడి చేతి వంక చూసుకున్నాడు. ఇంకోసారి మీటి మళ్లీ చూసుకున్నాడు.

"ఎలా ఉంది పెద్దాయనా?"

"చెయ్యి పడుతోంది."

"చెయ్యి సరే, మోత ఎలా ఉంది?"

"తీగ తగిలిందో లేదో నాకు వింటేగానీ తెలీదు. వినబడుతోంది."

"అంటే నచ్చినట్టా, నచ్చనట్టా?" అని ఖూ గారు నన్నడిగాడు. నాకు మాత్రం ఏం తెలుసు! ఎనిమిదిన్నర వేలు ఇచ్చి తెచ్చుకున్నాం. దారి పొడుగునా మామయ్య దాన్ని మోకాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "డబ్బంతా తీసుకుని సగం గిటారే ఇచ్చాడా? మిగతా సగం వచ్చే వారమా?"

మామయ్య నవ్వలేదు. "ఇంతేనక్కా, దీని రూపం" అన్నాడు.

రోజూ సాయంత్రం వెనకగదిలో వాయించడం మొదలుపెట్టాడు. స్పీకరు లేకుండా అది బొత్తిగా వినబడదు. "లోపల వాడు వాయిస్తున్నాడా, దోమలు పట్టాయా?" అని అమ్మ వంటింట్లోంచి అరిచేది. నేను చర్చివాళ్ల పాత స్పీకరు పెట్టె అడిగి తెచ్చాను. అప్పటినించి శనివారం మధ్యాహ్నాలు ఓడరేవులో చేపల వేలం అయ్యాక, తడి నేల మీద ప్లాస్టిక్ స్టూలు వేసుకుని వాయించేవాడు. చేపలు కోసే ఆడవాళ్లు కత్తులు ఆపకుండానే పాడేవారు. మామయ్య పాడేవాడు కాదు. వాళ్ల గొంతుకి సరిపడా వాయించేవాడు, వాళ్లు ఆపితే ఆపేవాడు. బాగా వాయించేవాడు. ఆ మాట నేననడం కాదు, కత్తులు పట్టుకున్న ఆ ఆడవాళ్లే అనేవారు. వాళ్లు ఎవర్నీ ఊరికే పొగిడే రకం కాదు.

ఒకసారి అడిగాను. "వాయిస్తుంటే బాగుంటుందా మామయ్యా?"

తీగ బిగించుకున్నాడు. "పని ఉన్నట్టు ఉంటుంది" అన్నాడు.

ఏడాది గడిచాక మామయ్య కూతురు సెరా స్కూటరు మీద వచ్చింది. వక్కలూ తమలపాకులూ సంచి నిండా తెచ్చి అమ్మ ముందు పెట్టింది. తనకి పెళ్లి కుదిరింది. అబ్బాయి పేరు లెకాల్, కరెంటు పని చేస్తాడు, ఇల్లరికం వస్తున్నాడు. తండ్రి ఎదురుగా కూర్చుని కాసేపు గోళ్లు చూసుకుంది.

"నాన్నా, పెళ్లికి నువ్వు వాయించాలి."

"మీ అమ్మ?"

"అమ్మే పంపింది. పాటలవాళ్లు మరీ ఎక్కువ అడుగుతున్నారట. నువ్వైతే ఊరికే వస్తావంది."

అమ్మ పకపకా నవ్వింది. "దోంగీ బుద్ధి ఎక్కడికి పోతుంది!" మామయ్య మాత్రం, "ఎన్నింటికి రావాలి?" అని అడిగాడు.

పెళ్లి రోజున రోడ్డుకడ్డంగా టెంటు వేశారు. ఎర్రగుడ్డల గుండ్రటి బల్లలు, ఒక పక్క పందిని కోసి వాటాలు వేస్తున్న మగవాళ్లు. నేను స్పీకరు పెట్టె దింపాను. దోంగీ అత్త ఎదురొచ్చింది. కొత్త బట్టలు, చేతులకి మాత్రం పిండి.

"వచ్చావా?"

"వచ్చాను."

"తిన్నావా?"

"తర్వాత తింటా."

ఆ ఇంటి గడప పక్కనే స్టూలు వేశారు. ఆయన దాని మీద కూర్చుని గిటారు ఒంటికి ఆనించుకున్నాడు. లెకాల్ తన పరుపుతో, పెట్టెతో వచ్చాడు, వెనక అతని అక్కలు ఏడుస్తూ వచ్చారు. మామయ్య వాళ్ల నడకకి తగ్గట్టు వాయించాడు. పరుపు గడప దాటి లోపలికి వెళ్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేను మామయ్య మొహమే చూస్తున్నాను. ఆయన తన కుడి చేతి వంక చూసుకుంటున్నాడు, అంతే.

మూడో గంటలో ముసలమ్మలు చేయీ చేయీ పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాట ఎత్తుకున్నారు. ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకునే పాట. ఎక్కడో ఏదో తగ్గినట్టు అనిపించి స్పీకరు దగ్గరికి వెళ్లాను. కిర్రుమనడం కూడా లేదు. గిటారు బ్యాటరీ అయిపోయింది. మామయ్య చెయ్యి మాత్రం ఆడుతూనే ఉంది. ఆ పలచటి గిటారు చప్పుడు అంతమంది గొంతుల మధ్య రెండడుగుల దూరం కూడా రావడం లేదు.

"మామయ్యా, వినబడటం లేదు. ఉండు, కొట్టుకి వెళ్లి బ్యాటరీ తెస్తాను."

"ఎందుకు, వాళ్లు పాడుతున్నారుగా. కూర్చో."

కూర్చున్నాను. వేళ్లకి స్పర్శ లేదు, చెవికి చప్పుడు లేదు. తీగ తగులుతోందో లేదో ఆయనకి తెలిసే దారే లేదు. అయినా పాట నడక ఎక్కడా తప్పలేదు. ఎవరూ గమనించలేదు కూడా.

దోంగీ అత్త కంచంలో అన్నమూ మాంసమూ పెట్టుకుని వచ్చింది. దగ్గరికొచ్చి ఆగింది.

"నీది వినబడటం లేదేంటి?"

"బ్యాటరీ పోయింది."

"ఎప్పుడు?"

"రెండు పాటలైంది."

"మరెందుకు వాయిస్తున్నావు?"

"ఆపమని ఎవరూ అనలేదు."

అత్త కంచం స్పీకరు మీద పెట్టింది. తిడుతుందేమో అనుకున్నాను. పక్కబల్ల దగ్గర స్టూలు లాక్కుని, ఆయన పక్కనే, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. అంత దగ్గర కూర్చుంటే కొంచెం వినబడుతుంది కాబోలు. ఒక పాట పూర్తయ్యేదాకా అలాగే కూర్చుంది. తర్వాత, మాంసం వాటాలు సరిగ్గా వేస్తున్నారో లేదో చూడాలంటూ లేచి వెళ్లిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ట్రక్కులో అడిగాను. "బాధేసిందా మామయ్యా?"

"కూతురి పెళ్లిలో బాధ పడాలో సంతోషపడాలో తెలీలేదు. రెండూ రాలేదు." మరో ఊరు దాటాక, "భుజం నొప్పి పుట్టింది" అన్నాడు. ఆ భుజం నొప్పిగా ఉందని ఆయన నోటి వెంట రావడం అదే మొదటిసారి. ఆ రాత్రి అమ్మ నూనె మర్దనా చేస్తుంటే, "కొంచెం మెల్లిగా అక్కా" అన్నాడు కూడా.

ఆ తర్వాత పెద్దగా ఏమీ మారలేదు. అత్త ఆయన్ని పిలిపించుకోలేదు. కొత్త సంవత్సరం పండుగ వెళ్లిన వారానికి, ఒక ఆదివారం మామయ్య తనే గిటారు తగిలించుకుని బస్సెక్కాడు. సాయంత్రానికి తిరిగొచ్చాడు.

"ఎక్కడికెళ్లావురా?" అంది అమ్మ.

"దోంగీ ఇంటికి."

"ఏం చేశావు?"

"వాయించాను."

"అదేమంది?"

"ఏమీ అనలేదు. చేపలు తోముకుంటూ ఉంది. వచ్చేటప్పుడు రెండు చేపలు ఇచ్చింది." సంచి అమ్మ చేతికిచ్చాడు.

అప్పటినించి నెలకో ఆదివారం వెళ్లేవాడు. ఆయనకి అరవై తొమ్మిది వచ్చేదాకా, అంటే అత్త పోయేదాకా, ఒక్క నెల తప్పలేదు. తుఫాను వచ్చిన నెలలో ఆ ఆదివారం కుదరకపోతే తర్వాతి ఆదివారం వెళ్లాడు. స్పీకరు తీసుకెళ్లేవాడు కాదు. ఉండిపొమ్మని ఆవిడ అనలేదు, ఉంటానని ఆయన అనలేదు. చివరి బస్సు నాలుగున్నరకి. దాన్ని అందుకునేలా లేచేవాడు.