మూడు బాటల దగ్గర ద్వాలి సంచి

ద్వాలి గెలిచిన జగడాలు నేను చాలానే చూశాను. చీమలతో గెలిచింది మాత్రం ఒక్కటే.

అప్పట్లో సారపాకలో కాగితం మిల్లుకి మిషన్లు బిగిస్తున్నారు. డెబ్బై తొమ్మిదో, ఎనభయ్యో. తారీఖు కావాలనేవాళ్లు ఇక్కడితో చదవడం మానేయొచ్చు. బయటి నుంచి వచ్చే ఇంజనీర్ల కోసం ఒక కాంట్రాక్టరు గెస్టుహౌసు నడిపేవాడు. దానికి ఎదురుగా నా టీ హోటలు. గేటు దగ్గర వాచ్‌మన్ బొజ్జయ్య. లోపల ఊడ్చి, తుడిచి, అంట్లు తోమే ఆడవాళ్లు పదకొండు మంది. సాయంత్రం పని దిగి పోయేటప్పుడు ఒక్కొక్కరి సంచీ తడిమి చూస్తే గానీ బొజ్జయ్య గేటు దాటనిచ్చేవాడు కాదు. చెంచా పోయిందట, సబ్బు పోయిందట. పోయిన చెంచా ఒక్కటీ దొరకలేదు గానీ, ఏ ఆడమనిషి సంచిలో ఏముంటుందో అతనికి కంఠతా వచ్చేసింది.

ఆ పదకొండు మందిలో ద్వాలి ఒకతె. లంబాడా మనిషి. పెనుబల్లి వైపు తండాలో పుట్టి సారపాక పక్క తండాకి కోడలిగా వచ్చింది. మొగుడు దేవ్లా వెదురు లారీలకు లోడు ఎత్తేవాడు. ద్వాలి మనిషి పొట్టి, గొంతు పొడుగు. చేతినిండా గాజులు, ముందు ఆ చప్పుడు వచ్చేది, వెనకాల ఆమె వచ్చేది.

ఒక సాయంత్రం బొజ్జయ్య ఆమె సంచి చూపించమన్నాడు.

"చూడు బొజ్జన్నా, మంచిగ చూడు. గాని అండ్లకెల్లి ఏది బయటికొచ్చినా జిమ్మేదారి నీదే."

"ఏందే, వెండి పళ్లెం గిట్ల పెట్టినవా?"

"చెయ్ పెట్టు, తెలుస్తది."

పెట్టాడు. లోపల ఆకులతో అల్లుకున్న ఎర్రచీమల గూడు. కోయగూడెం నుంచి చిన్నక్క అనే ముసలామె ఆదివారం సంతకు తెచ్చేది, పచ్చడి నూరుకునేవాళ్లు కొనేవాళ్లు. బొజ్జయ్య చెయ్యి బయటికి తీసేసరికి మోచేతి దాకా చీమలు. చొక్కా విప్పాడు, బనీను విప్పాడు, ఇక విప్పితే పరువు పోతుందనే చోట ఆగి, గేటు చుట్టూ గెంతాడు. నా హోటల్లో టీ తాగేవాళ్లు గ్లాసులతో సహా రోడ్డు మీదికి వచ్చారు.

అక్కడితో ఆగితే ద్వాలి ఎందుకవుతుంది? గేటుకు అడ్డంగా కూర్చుంది.

"నా చీమలు నాకియ్యి."

"చీమలేందే, నీ మొహం మండ!"

"పైసలు పెట్టి కొన్న. నిండు గూడు. నువ్వు తీసినవ్, నువ్వే ఏరి పెట్టు. ఒక్కటి తక్కువైనా ఊకోను. వాచ్‌మన్ నా సొమ్ము దోచుకున్నడని రేపు పోయి కాంట్రాక్టరుకు చెప్త."

గెస్టుహౌసు గుమాస్తా రామ్‌చందర్ వచ్చాడు. తండాలో చదువుకుని నౌకరీ చేసినవాళ్లలో మొదటివాడు, ద్వాలికి మేనల్లుడి వరస. నవ్వు ఆపుకుంటూ తీర్పు చెప్పాడు. చీమలైనా ఏరి ఇవ్వాలి, సంచుల సోదా అయినా మానాలి. బొజ్జయ్య తన చెయ్యి చూసుకున్నాడు, నేల మీద పాకుతున్న చీమల్ని చూశాడు, సోదా మానేశాడు.

ఇదంతా వరండాలో నిలబడి తెల్లదొర చూశాడు. మిషన్లు బిగించడానికి ఏదో మంచుదేశం నుంచి వచ్చిన ఇంజనీరు. పేరు నాకు నోరు తిరగదు. రోజూ సాయంత్రం నా బెంచీ మీద కూర్చుని పాలు లేని టీ తాగేవాడు. ఆ మనిషి నవ్వగా నేను చూడలేదు.

నాలుగు రోజులు పోయాక, హోటల్లో రామ్‌చందర్ పేపరు చదువుతున్నాడు. ఏ దేశంవాళ్లు ఎంత సంతోషంగా ఉన్నారో ఎవరో పనిలేనివాళ్లు లెక్క తీశారట. దొరగారి దేశం పైన, మనది ఎక్కడో అడుగున. టీకి వచ్చిన ద్వాలి అది విని, దొర ముందు నిలబడి ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది.

"ఈయనదా సంతోషపు దేశం? ఈనిన బర్రె సచ్చినట్టుంటదిగా మొహం! ఎందుకంత సంతోషమో అడుగు అల్లుడా."

రామ్‌చందర్ అడిగాడు. దొర టీ గ్లాసు పక్కన పెట్టాడు. డబ్బంటాడు, కార్లంటాడు అనుకున్నాం. "మా ఊళ్లో నా పర్సు రోడ్డు మీద పడిపోతే, ఎవరో ఒకరు ఇంటికి తెచ్చి ఇస్తారు. ఇస్తారని నాకు ముందే తెలుసు" అన్నాడట.

"గంతేనా?" అంది ద్వాలి.

"గంతేనంట అత్తా."

బొజ్జయ్య మోచేతికి ఇంకా కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. "ఈడ పర్సు పడితే, వంగి తీసుకునేలోపే ఉన్న జేబు గూడ కోస్తరు" అన్నాడు.

"మా తండల తలుపులకు గొళ్లేలే లేవు."

"లోపల ఏమన్న ఉంటే గద, గొళ్లెం!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ద్వాలి నవ్వలేదు.

"నా సంచి పడేస్త. తిరిగొస్తది. వస్తే నెల దినాలు నీ టిఫిను డబ్బా గేటు కాడ నేను సోదా చేస్త."

"రాకుంటే?"

"రాకుంటే మా సంచులు మళ్ల చూస్కో."

సంచి ఎవరైనా ఎత్తిన రోజు నుంచి వారం గడువు పెట్టుకున్నారు. సంచి సంగతి తెలిసినవాళ్లం ఎవరం నోరు విప్పకూడదని ఒప్పుకున్నాం. మిగతా పదిమంది ఆడవాళ్లు ద్వాలిని అడ్డంగా తిట్టారు, చీమలతో గెలిచిందాన్ని నోటితో పోగొడుతున్నావని. ఉత్త సంచి అయితే కుక్క కూడా తెచ్చిస్తుంది, లోపల సొమ్ముండాలన్నాడు బొజ్జయ్య. ద్వాలి అక్కడికక్కడే చెంపల పక్కన వేలాడే వెండి బిళ్లలు విప్పింది. పెళ్లినాడు వాళ్లమ్మ పెట్టినవి. రామ్‌చందర్ ఆమె పేరూ, చిరునామా ఒక చిట్టీ మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి లోపల పెట్టాడు. సంచి కూడా వాళ్లమ్మ కుట్టిందే. ఎర్రగుడ్డ, మధ్యలో అద్దాలు, అంచులకు గవ్వలు. మూతికి నాడా తెగిపోయి ఉంటే, ఇంట్లో దొరికిన పసుపు దారం ఎక్కించింది.

ఆదివారం సంత వేళకి, నా హోటలు ముందు మూడు బాటలు కలిసేచోట, ద్వాలి ఏమీ ఎరగనట్టు నడుస్తూ సంచి జారవిడిచింది. బొజ్జయ్య, దొర, రామ్‌చందర్ నా బెంచీ మీద వరసగా కూర్చున్నారు.

ముందు సైకిలు మీద గాజులవాడొచ్చాడు. చూశాడు, దిగాడు, సైకిలు వెనక్కి తిప్పి అవతలి బాటన పోయాడు. తర్వాత ఇద్దరు ఆడవాళ్లు వచ్చి, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, దూరం నుంచి చుట్టి వెళ్లారు. ఒక లారీ డ్రైవరైతే బండి ఆపి, రెండు చేతులూ జోడించి, నా వాకిట్లోంచి తోలుకుపోయాడు. అప్పుడు వెలిగింది నాకు. ఎర్రగుడ్డ, గవ్వలు, పసుపు దారం, మూడు బాటల కూడలి. పైగా ఆ ఆదివారం అమావాస్య. దిష్టి తీసి పారేసిన మూట కాక ఇంకేమనుకుంటారు?

మధ్యాహ్నానికి పక్కన ఒక నిమ్మకాయ చేరింది. సాయంత్రానికి కుంకుమ. సోమవారం ఎవరో కొబ్బరికాయ కొట్టి ఒక చిప్ప పెట్టి వెళ్లారు. ఇంకో రెండు రోజులు ఆగితే గుడి కట్టి నన్నే పూజారమ్మను చేసేవాళ్లు. పర్సుకి దండం పెట్టడమేమిటని దొర అడిగితే, చెప్పేసరికి రామ్‌చందర్‌కి రెండు టీలు పట్టింది.

"తేలేదు గద? నేనే గెలిచిన" అన్నాడు బొజ్జయ్య.

"గడువు కాలేదు. అంత తొందరుంటే నువ్వే పోయి తే."

"నాకు పిల్లలున్నరే తల్లీ!" అన్నాడు బొజ్జయ్య, కాళ్లు బెంచీ మీదికి ముడుచుకుని.

ఎవరూ ముట్టలేదు కదా, పరువు నిలిచింది కదా అన్నాను ద్వాలితో. మాటకన్నానే గానీ, భయపడి ముట్టనివాణ్ణి మంచివాడంటే మా పిల్లి కూడా మంచిదే, వేడిపాలు ముట్టదు. ద్వాలికి అది తెలుసు. "ముట్టకుంటే ఏమొస్తదక్కా? తేవాలె" అంది.

మంగళవారం చిన్నక్క వచ్చింది. ఆదివారం చీమలమ్మినా, మంగళవారం నాకు అడ్డాకుల కట్ట తెచ్చివ్వడం ఆమె అలవాటు. కూడలిలో ఆగింది. నిమ్మకాయని కాలితో పక్కకి తన్నింది. కొబ్బరిచిప్ప తీసి గంపలో వేసుకుంది. సంచి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, నడుముకి దోపుకుంది.

"ఏయ్ ముసలీ, దిష్టి మూట అది!" అని అరిచారెవరో.

"రానీ దిష్టిని. నా ఇంట్ల కూలిపని శానా ఉంది, చెయ్యనీ!"

నాకు ఆకులిచ్చి, అడవి దారి పట్టి వెళ్లిపోయింది. మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాం గనుక నాలుక కొరుక్కుని ఊరుకున్నాను. బొజ్జయ్య తన డబ్బుతో అందరికీ టీ చెప్పాడు. అంతకుముందు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.

"తెస్తది" అంది ద్వాలి.

బుధవారం రాలేదు. గురువారం రాలేదు. వెండి లేని చెంపలతో ద్వాలి మొహం కడిగి బోర్లించిన గిన్నెలా ఉండేది. బిళ్లలేవని దేవ్లా అడిగితే మెరుగుకి కంసాలికిచ్చానని చెప్పిందట. తోటి ఆడవాళ్లు ఆమెతో మాటలు మానేశారు. వాళ్లు గేటు దాటుతుంటే బొజ్జయ్య వేళ్లు విరుచుకుంటూ నిలబడేవాడు. ఆదివారం సంతకి కూడా చిన్నక్క రాలేదు. నేనెరిగి సంత తప్పని మనిషి.

"పోయింది లేవే. మర్చిపో" అన్నాను నేనే.

"తెస్తది" అంది. ఈసారి గొంతు పొట్టిదైపోయింది.

మంగళవారం సాయంత్రంతో గడువు ఆఖరు. గేటు దగ్గర పదకొండు మందీ సంచులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ముందు ద్వాలి, ఇంకో పాతసంచితో. బొజ్జయ్య దూరంనుంచే ఆమె సంచిని కర్రతో రెండుసార్లు తట్టాడు, ఏదీ పాకడం లేదని నమ్మకం కుదిరాక వంగాడు.

"ఈడ ద్వాలి ఎవతి?"

చిన్నక్క. మోకాళ్ల దాకా దుమ్ము, ఒక కాలికి గుడ్డ కట్టు. నడుములోంచి ఎర్రసంచి తీసి ఊపుతోంది.

"నేనే."

"ఓసి, నువ్వా! చీమలు కొనే పిల్లవి! నీ పేరు ద్వాలని నాకెవడు చెప్పిండు? వారం తిప్పినవ్ గద నన్ను!"

ద్వాలి అక్కడే నేల మీద కూలబడి సంచి బోర్లించింది. వెండి బిళ్లలన్నీ ఉన్నాయి. చిట్టీ లేదు.

"చిట్టీ ఏదే అవ్వా? పేరు, ఊరు అన్నీ రాసిన" అన్నాడు రామ్‌చందర్.

"కాయితమా? పొగాకు చుట్టుకొని తాగిన. మంచిగ కాలింది."

రామ్‌చందర్ మొహం చూడాలి. ముత్యాల్లాంటి అక్షరాలు!

"మరి ఎట్ల దొరకబట్టినవ్?"

"లంబాడా కుట్టు గద. తండ తండ తిరిగి, ఇది ఎవరి కుట్టని అడిగిన. నాలుగో తండల గోరి అని ఒక ముసల్ది పట్టింది. మూల గవ్వ తిరగేసి కుట్టేది మా అక్క ఒక్కతే, ఆమె బిడ్డ ద్వాలి సారపాకల గెస్టుహౌసు ఊడుస్తది అన్నది. దాని కూతురుకైన బుద్ధుండద్దా, గిట్ల పారేసుకుంటదా అని తిట్టింది గూడ."

దొర అంతా చెప్పించుకుని విన్నాడు. చిట్టీ లేకపోతే తన దేశంలో ఎవరూ తేలేరని ఒప్పుకున్నాడు.

"తెచ్చినోళ్లకు ఆడ ఏం పెడతరో అడుగు" అంది ద్వాలి.

"థాంక్స్ చెప్తరంట అత్తా."

"తిండి?"

"పెట్టరంట."

ద్వాలి నోటి మీద చెయ్యేసుకుంది. "గందుకే మొహం గట్లయింది!"

రామ్‌చందర్ ఆ మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పేశాడు. దొర నవ్వాడు. నవ్వడం అలవాటు లేని మనిషి కదా, దగ్గొచ్చి, కళ్ల నీళ్లొచ్చి, నేను వీపు మీద చరచాల్సి వచ్చింది.

చిన్నక్కను ద్వాలి తన తండాకు తీసుకుపోయి జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. ముసలామె మూడు రోజులు అక్కణ్ణుంచి కదల్లేదు.

పందెం ప్రకారం నెల రోజులు గేటు దగ్గర బొజ్జయ్య టిఫిను డబ్బా సోదా జరిగింది. రోజూ అదే అన్నం, అదే ఊరగాయ. వారం చూసి ద్వాలికి విసుగొచ్చింది. ఎనిమిదో రోజు మూత తీసినట్టే తీసి, కొంగు చాటు నుంచి వంకాయ కూర అందులో వేసి, "ఇది ఎవరింట్ల దొంగిలించినవ్ బొజ్జన్నా? నిజం చెప్పు!" అని గేటు అదిరేలా అరిచింది. మిగతా నెల పొడుగునా అతను రోజుకో దొంగతనం చేశాడు. ఆ నెలలో కాస్త ఒళ్లు కూడా చేశాడు.

దొర వెళ్లిపోయాడు. మిల్లు నడిచింది. ద్వాలి ఆ గెస్టుహౌసులో ఇంకో పన్నెండేళ్లు చేసింది, మళ్లీ ఎవరి సంచీ ఎవరూ విప్పమనలేదు. తొంభై రెండులో దేవ్లాకి నడుము పడిపోతే, అన్నదమ్ములు చూపించిన ఎకరం చేసుకుందామని పెనుబల్లి వైపు పుట్టింటి తండాకే బయలుదేరారు. సామాను బస్సు మీద వేసి, టీ తాగడానికి నా దగ్గరికి వచ్చింది.

నీలాంటి మనిషి ఉన్నచోట పేపరువాళ్ల లెక్క ఎవడికి కావాలే అని, అలవాటు లేని మెచ్చుకోలు ఒకటి అన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఆ వారం నాకు నమ్మకం పోలేదక్కా. నీకు పోయింది. చిన్నక్క సంచి ఎత్తుకపోయిన మంగళారమే నువ్వు ఈ తలుపుకు రెండో తాళం కొన్నవ్. చూసిన నేను. ఆమె తెచ్చిచ్చి పన్నెండేండ్లాయె, ఇంకా రెండు తాళాలే ఏస్తున్నవ్."

బస్సు కదిలేట్టుంది పోవే అన్నాను. ఆమె కదల్లేదు.

"తీజ్ పండుగకు మా తండకు రావాలె. తొమ్మిది దినాలు ఉండాలె, ఒక్కటి గూడ తక్కువ ఊకోను. వచ్చేటప్పుడు తలుపు దగ్గరికేసి రా, గంతే. తాళాలు రెండు నాకు తెచ్చియ్యి, బర్రె మెడకు కడత."