పొయ్యి వెలగని వాడలో తుపాకుల వందనం

2004 ఎండాకాలంలో నేను జిల్లా సాయుధ పోలీసు విభాగంలో రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్‌ని. ఒక ఉదయం ఖిల్లా ఘణపూర్‌లో డ్యూటీ పడింది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోరాడి పతకం తెచ్చుకున్న హవల్దార్ బాలయ్య ముందురోజు సాయంత్రం పోయారు. అధికార లాంఛనాలతో సాగనంపాలని ఉత్తర్వు. జిల్లాలో అలాంటి మనిషి ఒకరున్నారన్న సంగతి ప్రభుత్వానికి ఆయన పోయాకే తెలిసింది. ఎనభై దాటాక కూడా వనపర్తి బస్సులో ఆయన నిలబడే వెళ్లేవారట. ఇప్పుడు మాత్రం మర్యాదకు లోటు లేదు.

ఈ డ్యూటీలో పని కొంచెమే. మృతదేహం మీద పూలచక్రం ఉంచాలి. శ్మశానంలో 'శోక్ శస్త్ర్' అనగానే జవాన్లు తుపాకుల మొనలు నేలకు దించి, తలలు వంచాలి. ఆ తర్వాత గాలిలోకి ఖాళీ తూటాలు పేల్చాలి. మిగతాదంతా ఎదురుచూడటమే. దానికి శిక్షణ ఎవరూ ఇవ్వరు, అనుభవం మీద వస్తుంది.

ఆ రోజు ఎదురుచూసింది ఒక నాయకుడి కోసం. మొదటి పూలచక్రం ఆయనే ఉంచాలట. అంతదాకా శవం లేవకూడదని ఎమ్మార్వో చెప్పారు. వనపర్తిలో ఏదో ప్రారంభోత్సవం, అది కాగానే భోజనాలు, అవి కాగానే బయల్దేరతారని కబురు. దేశం కోసం పోరాడిన మనిషి ఇంకో పూట ఆగలేడా అన్నట్టుంది వ్యవహారం.

అక్కడి ఆచారం ప్రకారం శవం లేచేదాకా ఆ ఇంట్లోనే కాదు, ఆ వాడలోనే పొయ్యి వెలగదు. అంటే నాయకుడు అక్కడ భోంచేస్తున్నంతసేపూ ఇక్కడ వాడంతా పస్తు. బాలయ్య మనవరాలు పచ్చి బాలింత. రాత్రి నుంచి ఏమీ తినక, గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఒళ్లో బిడ్డ పాలు చాలక ఏడుస్తోంది. నాకు ఒళ్లు మండింది. కానీ యూనిఫాంలో ఉన్నవాడికి ఒళ్లు మండటానికి కూడా పైనుంచి ఆజ్ఞ రావాలి.

పెద్దకొడుకు నా పక్కన కూర్చుని తండ్రి గురించి చెప్పాడు. బర్మా అడవుల్లో తిండి అందక గడ్డి వేళ్లు నమిలారట. తిరిగొచ్చి వేరుశనగ సాగు చేసి, ఏడుగురు పిల్లల్ని పెంచారు. పొద్దు నెత్తిమీదికొస్తే 'అందరు తిన్నరా' అని అడిగి, జవాబు వచ్చాకే కంచం ముట్టేవారు. కూతురి పెళ్లిలో డప్పులవాళ్లు తినేదాకా మగపెళ్లివారిని కూర్చోనివ్వలేదు. వియ్యంకుడు ఏళ్ల తరబడి అలిగాడట.

మధ్యాహ్నం దాటాక బాలయ్య భార్య సత్తెమ్మ లేచి, అగ్గిపెట్టె తీసుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. కులపెద్దలు లేచి నిలబడ్డారు. శవం ఇంట్లో ఉండగా పొయ్యి వెలిగిస్తే బతికినన్నాళ్లూ ఆమె మాట పడక తప్పదు.

ఆమె నావైపు తిరిగింది. "సారూ, మీ పెద్దమనిషి ఎప్పుడొస్తడో తెల్వదు. మా ఆయన ఉన్నప్పుడు ఈ ఇంట్ల గిట్ల ఎన్నడు గాలె. పిల్ల సొమ్మసిల్లుతుంది. నన్నేమన్న అననీ, నేను ఇంత జొన్నగట్క వండుత."

"జర ఆగమ్మా" అని, పూలచక్రం నేనే ఉంచాను. శవం లేపమన్నాను. ఎమ్మార్వో ఫోన్ పట్టుకుని నా వెనకే పరుగెత్తారు. శ్మశానంలో వందనం లోటు లేకుండా జరిగింది. అటు శవం లేవగానే ఇటు వాడలో పొయ్యిలు రాజుకున్నాయి.

చితి సగం కాలాక నాయకుడు వచ్చారు. ఫొటో కోసం ఇంకోసారి తూటాలు పేల్చమన్నారు. వందనం పోయినవారికే గానీ వచ్చినవారికి కాదని మనవి చేశాను. ఎందుకు ఆగలేదని వారం తిరక్కుండా మెమో వచ్చింది. 'ఇంట్లోవాళ్లు ఆకలితో ఉన్నారు' అని జవాబు రాశాను. అది కారణం కాదని తిప్పి పంపారు. 'శాంతిభద్రతల దృష్ట్యా' అని రాస్తే వెంటనే ఆమోదించారు.

అంత్యక్రియల రోజు సాయంత్రం జవాన్లు వ్యాను ఎక్కుతుంటే సత్తెమ్మ గడప దాటకుండానే వాళ్లను చూసి నన్ను అడిగింది. "సారూ, మీ పిల్లగాండ్లు తిన్నరా?"

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఇలాంటి డ్యూటీలు చాలా చేశాను. ఏ ఇంటికి వెళ్లినా ముందు ఆ మాటే అడిగేవాణ్ణి. వచ్చే పెద్దల పేర్లు ఆ తర్వాత అడిగేవాణ్ణి.