తిజోరిలో నొప్పి సూదులు

దాసు కంపౌండరు రాధాబాయిని సూదేసి చంపాడని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేవాళ్లలో ఒక్కడు కూడా ఆ రోజుల్లో ఆమె ఇంటి గడప దాటి లోపలికి పోయినవాడు కాదు. కుండ నోటికి మూకుడు పెట్టొచ్చు గానీ ఊరి నోటికి పెట్టలేమంటారు. పెట్టలేనని నాకూ తెలుసు. అయినా నేను చూసింది చెబుతాను.

బోధన్‌కు ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో నేను బడిపంతులుగా ఉండేవాణ్ణి. బడికి ఇల్లు లేదు. బాపురావు పటేలు ఇంటి వసారాలోనే పాఠాలు నడిచేవి.

దాసు తండ్రి మోషే చెరుకు నరికే కూలీ. వాళ్లది మెథడిస్టు క్రైస్తవ కుటుంబం. దాసు ఏడో తరగతి దాకా చదివి, నిజామాబాదులో కట్లు కట్టడం, సూదులు వేయడం నేర్చుకుని, 1958లో ఆ ఊరి దవాఖానాకు కంపౌండరుగా వచ్చాడు. అక్కడ డాక్టరు ఉద్యోగం ఉండేది, డాక్టరే ఉండేవాడు కాదు. తేలు కాటుకూ, కొడవలి గాయానికీ దాసే దిక్కు. చెరుకు బండ్లు లాగి మెడలు పుండ్లయిన ఎద్దులకు కూడా అతనే మందు రాసేవాడు. దాసు ముట్టుకుంటే ఎద్దులకు ఏ అభ్యంతరమూ ఉండేది కాదు. మనుషులకే ఉండేది.

బాపురావు తల్లి రాధాబాయి అందులో అందరికంటే ముందు. జ్వరమొస్తే చెయ్యి చాపేది, సూది అయిపోగానే పసుపు నీళ్లు చల్లుకునేది. దాసు దాహమంటే అతని దోసిట్లోకి అల్లంత ఎత్తునుంచి నీళ్లు పోసేది. చచ్చిపోయింది కదా అని ఆమెను నేను దేవతను చేయబోవడం లేదు.

1964 మాఘమాసంలో ఆమెకు కడుపులో పుండు ముదిరింది. నిజామాబాదు డాక్టరు పొట్ట కోసి చూసి, మళ్లీ కుట్టేసి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఆరు నొప్పి సూదులు ఇచ్చి దాసుకు చీటీ రాశాడు. నొప్పి లేచినప్పుడల్లా ఒకటి ఇవ్వు, ఊపిరి కొంచెం మందగించినా భయపడకు, ఇంకేమీ చేయకు, అని.

దాసు అలాగే చేసి ఉండేవాడు. కానీ అంతలో ఊరి పురోహితుడు ఆత్మారాం పంతులు పంచాంగం విప్పాడు. శనివారం పొద్దున్నుంచి బుధవారం సాయంత్రం దాకా ధనిష్ఠా పంచకం. ఆ లోపల ప్రాణం పోతే ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలి, అంటే తాళం వేసి వెళ్లిపోవాలి. బాపురావు గుండెల్లో రాయి పడింది. తల్లి గురించి కాదు. ఇందల్వాయి అడవి టేకుతో కట్టించిన ఆ ఇంటికి గృహప్రవేశమై ఏడాది కూడా కాలేదు.

ప్రాణం బయట పోతే ఇంటికి దోషం అంటదని, మొదట తల్లిని బర్రెల కొట్టంలోకి మార్చాలని చూశాడు. అతని చెల్లెలు అంజవ్వ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అవ్వను బర్ల నడుమ పండవెడ్తవా అన్నా? జెర సిగ్గు తెచ్చుకో!"

సిగ్గు రాలేదు గానీ, పదిమంది ఏమంటారోనన్న భయం వచ్చింది. అప్పుడు దాసును పిలిపించాడు.

"కంపౌండర్, బుధారం పొద్దుగూకెదాక పానం నిలవెట్టాలె. నొప్పి సూదిస్తె నిద్రల్నే పోతదట గదా? గవి నా తాన ఉంటయ్ తే."

నొప్పి సూదుల డబ్బా తీసుకుని, బంగారం దాచే తిజోరిలో పెట్టి తాళం వేశాడు.

దాసు కూడా సింహమేమీ కాదు. తలవంచుకుని వెళ్లి గుండెను తట్టిలేపే కోరమిన్ సూదులు తెచ్చాడు, గ్లూకోజు సీసా వేలాడదీశాడు. నాడి జారినప్పుడల్లా ఒక సూది. జారిపోబోయే మనిషి మళ్లీ కళ్లు తెరిచేది. కళ్లతోపాటు నొప్పీ తెరుచుకునేది. శనివారం, ఆదివారం, సోమవారం అలాగే గడిచాయి. ఆమె అరుపులు వసారాలోకి వినబడేవి.

"సారూ, పోరగాండ్లతోని ఎక్కాలు జెర గట్టిగ సదివియ్యుండ్రి. వచ్చెటోల్లు పోయెటోల్లు ఇంటున్నరు" అన్నాడు బాపురావు నాతో.

నేను గట్టిగా చదివించాను. పదమూడో ఎక్కం దాకా చదివించాను. ఊరిని తిడుతున్నాను గానీ, ఆ ఊళ్లో నేనూ ఒకణ్ణి.

సోమవారం సాయంత్రం పిల్లల్ని పంపేసి లోపలికి వెళ్లాను. దాసు కోరమిన్ సూది ఎత్తి పట్టుకున్నాడు. రాధాబాయి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"బిడ్డా, నీ కాల్మొక్త. నన్ను పోనియ్యి. ఇల్లు పాడువడ్తె పడనీ. నా ఒల్లు పాడువడ్డది నీకు కనవడ్తలేదా?"

దాసు సూదిని పెట్టెలో పెట్టేసి, బాపురావు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"పటేలా, తిజోరి తియ్యి."

"నీ నౌక్రి ఎవని చేతుల ఉన్నదో ఎరుకేనా?"

"ఎరుకే. నొప్పి సూదియ్యకుంటె నేను పోత. కోరమిన్ ఇగ నువ్వే గుచ్చుకో."

బాపురావు ఆలోచించాడు. కంపౌండరు పోతే బుధవారం దాకా నిలబెట్టే దిక్కు లేదు. సణుగుతూ తిజోరి తెరిచాడు. దాసు నొప్పి సూది ఇచ్చాడు. మూడు రోజుల తర్వాత రాధాబాయి నిద్రపోయింది. అంజవ్వ ఆమె పాదాల దగ్గర కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

మంగళవారం పొద్దున మళ్లీ నొప్పి లేస్తే దాసు ఇంకో నొప్పి సూది ఇచ్చాడు. మధ్యాహ్నం నిద్రలోనే ఆమె ఊపిరి ఆగిపోయింది. అంజవ్వ నోరు తెరిచిందో లేదో, బాపురావు అరచేత్తో ఆ నోరు మూసేశాడు.

"ఇప్పుడు ఏడ్వకు. రేపు పొద్దుగూకినంక ఏడ్వు."

అని, దాసు వైపు తిరిగాడు. ఆరేళ్లలో ఎన్నడూ 'ఏయ్ కంపౌండర్' తప్ప మరోలా పిలవని నోటితో, "దాసన్నా" అన్నాడు. "దాసన్నా, సీసా గట్లనే ఉండనియ్యి. నడుమ నడుమ సూది ఏస్తున్నట్టు చెయ్యి. రేపటి దాకనే."

దాసు మంచం దగ్గరికి నడిచాడు. "పానం ఉన్నప్పుడు నొప్పి సూదికి తాళమేస్తివి. పానం పోయినంక గ్లూకోజు పెట్టుమంటున్నవ్."

గ్లూకోజు సూది పీకేశాడు. దుప్పటి మొహం మీదికి లాగాడు. వసారాలోకి వచ్చి, చూడవచ్చిన చుట్టాలందరికీ వినబడేలా, "రాధవ్వ పోయింది" అన్నాడు. లోపల అంజవ్వ గొల్లుమంది.

ఇక ఇల్లు పాడుపెట్టిన సంగతి వినండి. పంచకం శవం గుమ్మం దాటకూడదని వెనక గోడకు కంత కొట్టి బయటికి తీశారు. పదకొండో నాటికి ఆత్మారాం పంతులుకు ఒక శాంతి గుర్తొచ్చింది. అది జరిపిస్తే ఆరు నెలలు అక్కర్లేదట, పదహారు రోజులు చాలట. శనివారం నాడే అది ఎందుకు గుర్తు రాలేదో ఆ పంతులును అడిగిన మొగాడు లేడు. గోడ పూడ్చారు, సున్నం కొట్టారు. ఆ వసారాలోనే నా బడి మళ్లీ మొదలైంది.

దాసు మీద మాత్రం అర్జీ వెళ్లింది. విషపు సూది వేసి ముసలమ్మను చంపాడని రాశారు. అతను బతికించిన తేలు కాటు మనుషులే దాని కింద వేలిముద్రలు వేశారు. సంతకం పెట్టమని నా దగ్గరకూ తెచ్చారు. పెట్టలేదు. పెట్టకపోవడం తప్ప ఇంకేమీ చేయలేదు కూడా. రెండు నెలల్లో దాసును సిరికొండ వైపు అడవి పల్లెకు బదిలీ చేశారు.

పదేళ్ల తర్వాత ఇందల్వాయిలో బస్సు కోసం నిలబడితే కనిపించాడు. జుట్టు నెరిసింది. ఇద్దరం చాయ్ తాగాం. ఉండబట్టలేక అడిగాను. "దాసూ, ఆ రెండో సూదితోనే ఆమె పోయిందేమోనని నీకెప్పుడైనా అనిపిస్తుందా?"

"అనిపిస్తది సారూ. గా సూదితోనే పోయిందో ఏమో, నేనేమన్న దేవుణ్ణా? అయినా గది తలుసుకున్నా నాకు నిద్ర వడ్తది" అన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు. "శనారం, ఐతారం, సోమారం పోనియ్యకుంట గుంజుకొచ్చిన గదా, గదే నిద్ర పట్టనియ్యది. గంత పెద్ద అర్జీల గది ఎవ్వలూ రాయలే."