వాడు వింటాండాడు

ఆళ్లగడ్డ శిల్పి రాజశేఖర్ రాయిని చూసి కొనడు, కొట్టి కొంటాడు. చిన్న సుత్తితో రాతి మీద టక్కుమనిపించి చెవి ఒగ్గుతాడు. గంటలా పలికితే లోపల బాగున్నట్టు. డొల్లగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు, ఆ రాయి విగ్రహానికి పనికిరాదు. వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్న విద్య అది. రాజశేఖర్ కొడుకు లోహిత్ కూడా ఆ చప్పుడు పక్కనే కూర్చుని పెరిగాడు.

లోహిత్‌కు ఏడేళ్లు. ఆటిజం అని చిన్నప్పుడే చెప్పారు. మాటలు లేవు. తల మీద చెయ్యి వేయనివ్వడు. క్షవరం చేయించబోతే వీధి వీధంతా బయటికొచ్చి చూసేంత గోల! కానీ ఉలి మోగిందంటే చాలు, వచ్చి చతికిలబడతాడు. నాయన ఒక దెబ్బ వేస్తే వాడు చూపుడువేలితో నేల మీద ఒక దెబ్బ వేస్తాడు. ఎంతసేపైనా తప్పడు. మధ్యలో ఒక్కోసారి మాత్రం ఆ వేలు ఆగిపోతుంది. చూపు ఎటో నిలిచిపోతుంది, రెప్పలు సన్నగా అదురుతాయి. కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్లీ వేలు కదులుతుంది.

"చూడండప్పా, వాడు వింటాండాడు! రాయి పలుకు పట్టేదానికి నాకు ఎన్నేండ్లు పట్టిందో. వీడు ఇప్పుడే పడతాండాడు" అని రాజశేఖర్ పనివాళ్లకు చూపించి మురిసిపోయేవాడు. ఏం చేస్తాడు పాపం! మాటరాని బిడ్డలో గొప్పగా చెప్పుకోవడానికి ఆయనకు దొరికింది అదొక్కటే. ఆ సమయంలో వాణ్ణి ఎవరూ కదిలించకూడదని గట్టిగా చెప్పిపెట్టాడు కూడా.

ఒకరోజు లోహిత్ అన్నం తింటూ తింటూ అలాగే ఆగిపోయాడు. ముద్ద నోట్లోనే ఉంది. తల్లి గీతాంజలి పిలిచింది, భుజం పట్టి ఊపింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఇదో, ఈడ ఏ రాయి పలుకుతాందో చెప్పు! అన్నం కాడ ఏం వింటాండాడు వీడు?" అని మొగుణ్ణి నిలదీసింది. రాజశేఖర్ వంగి కొడుకు రెప్పలు చూశాడు. అవి సన్నగా అదురుతున్నాయి.

నంద్యాలలో డాక్టరమ్మ అంతా విని, "ఇవి మూర్ఛలు కావచ్చు. తలకు వైర్లు పెట్టి, మెదడు తరంగాలను గీతలుగా చూపే ఈఈజీ తీయాలి. తలస్నానం చేయించి, నూనె రాయకుండా తీసుకురండి" అంది. మూర్ఛంటే కిందపడి కొట్టుకోవడమే అనుకున్నాడు రాజశేఖర్. కూర్చున్నచోటే, చప్పుడు లేకుండా వచ్చేది కూడా ఒకటుంటుందట!

పరీక్ష రోజు బస్సులో దారి పొడుగునా కొడుకు రెప్పలే చూశాడు. రెప్ప పడితే భయం. పడకపోతే ఇంకా భయం. కాకూడదు సామీ, కాకూడదు అనుకుంటూ సంచిని గట్టిగా పట్టుకున్నాడు. అందులో చిన్న సుత్తీ, అరచేతంత రాతిముక్కా ఉన్నాయి. ఎందుకు తెచ్చుకున్నాడంటే ఆయనకే తెలియదు. వట్టి చేతులతో వెళ్లడానికి ధైర్యం చాలలేదంతే.

పరీక్ష చేసే హబీబ్ మంచివాడే. కానీ మొదటి వైరు తలకు తగలగానే లోహిత్ కేక పెట్టాడు, వైరు పీకేశాడు, తల్లి మణికట్టు కొరికేశాడు. గీతాంజలి చెయ్యి వెనక్కి తీసుకోలేదు, ఏడుస్తూ వాణ్ణి పొదివి పట్టుకుంది.

"ఇట్లయితే కాదన్నా. ఇంగో దినం రాండి" అన్నాడు హబీబ్.

ఇంకోరోజు దాకా ఈ భయాన్ని మోసే ఓపిక రాజశేఖర్‌కు లేదు. సంచిలోంచి రాయి తీశాడు. "చప్పుడు చేయొచ్చునా అప్పా?"

"చేసుకో అన్నా, పిల్లోడు కదలకుంటే చాలు."

టక్. టక్. టక్. లోహిత్ ఏడుపు కొంచెం కొంచెంగా ఎక్కిళ్లలోకి దిగింది. వేలు మంచం అంచు మీదికి వచ్చింది. నాయనతో పాటు కొట్టడం మొదలుపెట్టింది. హబీబ్ ఒక్కొక్క వైరూ అంటించాడు. పక్కనున్న కంప్యూటరు తెర మీద గీతలు సన్నగా సాగిపోతున్నాయి.

ఉన్నట్టుండి వేలు ఆగింది.

"వింటాండాడు" అనే మాట అలవాటుగా రాజశేఖర్ నాలుక దాకా వచ్చింది. అంతలో తెర కనిపించింది. గీతలన్నీ ఒక్కసారిగా పైకీ కిందికీ ఎగిసిపడుతున్నాయి. సుత్తి గాలిలోనే ఆగింది.

"ఆపొద్దన్నా, కొడతానే ఉండు. వేలు కదుల్తాదేమో చూద్దాం" అన్నాడు హబీబ్ మెల్లగా. కొట్టాడు. వేలు కదల్లేదు. గీతలు సద్దుమణిగాకే కదిలింది.

"మూర్ఛలే. చాలామందికి మందులతో అదుపులోకి వస్తాయి" అంది డాక్టరమ్మ ఆ గీతలు చూసి.

రాజశేఖర్‌కు ఒక్కటే అడగాలనిపించింది. "ఆ కాసేపూ వానికి నా సుత్తి చప్పుడు వినపడతాదా మేడం?"

"లేదు. ఏమీ వినపడదు."

మర్నాడు రాళ్ల మధ్య లోహిత్ వేలు మళ్లీ ఆగింది. పనివాడు శేషయ్య నవ్వుతూ, "అన్నా, చిన్నోడు వింటాండాడు" అన్నాడు.

"లేదప్పా. ఇప్పుడు వానికేం వినపడదు" అన్నాడు రాజశేఖర్. సుత్తి కింద పెట్టి, వెళ్లి కొడుకు చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ వేలు తన అరచేతిలో కదిలేదాకా అక్కడే కూర్చున్నాడు.