సీమోనుకు మీసాలొచ్చిన ఏడు

లీలమ్మకు కడుపు నిలిచింది అరవై తొమ్మిదిలో, తెలంగాణ లొల్లి నడుస్తున్న ఏడాది. బడులు మూతపడ్డాయి, సాయంత్రమైతే కర్ఫ్యూ. ధూల్‌పేట్ వెనక గల్లీలో ఒంటిగది ఇంట్లో కూర్చుని ఆమె లక్కగాజులకు రాళ్లు అతికిస్తుండేది. అంతకుముందు రెండు కడుపులు పోయాయి. అందుకే ఇది ఐదో నెల దాటి, లోపల బిడ్డ చేపపిల్లలా కదిలినప్పుడు కూడా ఎవరికీ చెప్పలేదు. భర్త ఇస్సాకు బస్సు డిపోలో మెకానిక్కు. అతనికి సైతం కడుపు ఎత్తుగా కనిపించాకే తెలిసింది.

నొప్పులు రెండు దినాలు ఆగి ఆగి వచ్చాయి. తీరా పుట్టాక బిడ్డ ఏడవలేదు. మంత్రసాని వాడి కాళ్లు పట్టుకుని తలకిందులు చేసి వీపు మీద చరిస్తే, చాలాసేపటికి సన్నగా మూలిగాడు. సీమోను అని పేరు పెట్టుకున్నారు.

పక్కింటి కొమురమ్మకు కూడా ఆ నెలలోనే కొడుకు పుట్టాడు, అమరనాథ్. ఇద్దరినీ ఒకే అరుగు మీద పడుకోబెట్టేవారు. అమరనాథ్ మెడ నిలిపాడు. బోర్లా పడ్డాడు. కొమురమ్మ గల్లీ అంతా భక్ష్యాలు పంచింది. వాడు పాకుతూ వచ్చి సీమోను చేతిలో గిలక్కాయ లాక్కునేవాడు. సీమోను వెల్లకిలా పడుకుని వాసాలకేసి చూస్తూ నవ్వేవాడు. కొందరు పిల్లలు ఆలస్యంగా ఎదుగుతారులే అని కొమురమ్మ ధైర్యం చెప్పేది. లీలమ్మ సరేనని తలూపేది. వాడు అడుగులేసిన రోజున తానూ అరిసెలు వండి పంచాలని అనుకునేది.

సీమోను నాలుగేళ్లు నిండాక గోడ పట్టుకుని నడిచాడు. అప్పటికి అరిసెలు వండే ఓపిక ఆమెకు లేదు. కొట్లో బాలూషాహీ మిఠాయిలు కొని పక్కింటికి మాత్రం ఇచ్చి వచ్చింది.

పెద్దాసుపత్రి డాక్టరు నెమ్మదస్తుడు. పుట్టినప్పుడు ఊపిరి అందక మెదడు దెబ్బతిన్నదనీ, ఒళ్లు అందరిలాగే పెరుగుతుందనీ, బుద్ధి మాత్రం చిన్నపిల్లవాడి దగ్గరే ఆగిపోవచ్చనీ చెప్పాడు. ఆ తర్వాత ఇస్సాకు పొద్దుటి డ్యూటీలు అడిగి వేయించుకున్నాడు. కొడుకు లేవకముందే వెళ్లేవాడు. వాణ్ణి ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క మాట అనలేదు. సాయంత్రం చాక్లెట్ తెచ్చి చేతిలో పెట్టేవాడు. అంతవరకే.

మిగతాదంతా లీలమ్మదే. పళ్లు తోమడం, తినిపించడం, దొడ్డికి తీసుకుపోవడం, చొక్కా గుండీలు పెట్టడం. తోటివాళ్ల పాలపళ్లు ఊడినట్టే వాడివీ ఊడాయి, కొత్తవి వచ్చాయి. బడికి పంపితే రెండేళ్లు చిన్నతరగతిలోనే కూర్చున్నాడు. బెంచీలో కాళ్లు పట్టక టీచరు ఇంటికి పంపించేసింది. పాలు తాగే బిడ్డ ఉన్న తల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు చేతులు ఖాళీ అవుతాయి. లీలమ్మకు ఎనిమిదేళ్లయినా, పదేళ్లయినా కాలేదు. కూర్చున్నచోటనే కునుకు తీసేది.

పదమూడో ఏట సీమోను తల్లిని మించి పొడుగయ్యాడు. గొంతు బొంగురుపోయింది. తన గొంతు తనకే కొత్తయి, ఊరికే అరిచి వినేవాడు. పెదవి మీద నల్లటి నూగు వచ్చింది. స్నానం చేయించేటప్పుడు లీలమ్మ ముఖం పక్కకు తిప్పుకోవలసి వస్తోంది.

ఒక పగటిపూట గల్లీ నల్లాలో నీళ్లొచ్చాయి. స్నానానికి చాటు కట్టిన చీర నెట్టుకుని వాడు సబ్బు నురగతో, ఒంటి మీద నూలుపోగు లేకుండా గల్లీలోకి వచ్చాడు. బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు ఒక్కసారి గోడవైపు తిరిగారు. ఎవరూ తిట్టలేదు. అదే లీలమ్మకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది. తువ్వాలు చుట్టి లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి కొమురమ్మ వచ్చి గడపలో కూర్చుంది.

"ఇగ నువ్వు జెయ్యకు లీలమ్మా. వానికి నాయిన ఉన్నడు."

ఇస్సాకు డ్యూటీ దిగి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుంటుండగా లీలమ్మ జరిగింది చెప్పింది. గొంతు పెంచలేదు. పెంచే బలమూ లేదు.

"రేపటి సంది వాని స్నానం నువ్వే జేపియ్యాలె. ఇగ నాతోని కాదు."

"నాకేం తెల్సు? ఎట్ల జెయ్యాల్నో ఏందో."

"నాకెవలు నేర్పిండ్రు?"

ఇస్సాకు తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు.

తెల్లవారి ఆదివారం. కొడుకును చీర చాటుకు తీసుకుపోయాడు. మొదటి చెంబుకే సీమోను అమ్మా అని కేకపెట్టాడు. లీలమ్మ లేవబోయి ఆగింది. ముందు కాళ్ల మీద పొయ్యమని, కళ్లలో సబ్బు పడనీయవద్దని ఇవతలినుంచే చెప్పింది. కాసేపు పెనుగులాట, బకెట్ దొర్లిన చప్పుడు, ఇస్సాకు విసుగు. తండ్రీకొడుకులు నిలువునా తడిసి బయటికొచ్చారు. ఇస్సాకు మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"గిన్నేండ్లు నువ్వు ఒక్కదానివే జేసినవా ఇదంత?" అన్నాడు.

ఆమె తువ్వాలు తెచ్చి కొడుకు తల తుడవసాగింది.

ఇస్సాకు పొద్దుటి డ్యూటీ మార్పించుకున్నాడు. మొదట్లో కొడుకు మొండికేస్తే చెంబు విసిరేసి పోయేవాడు, మళ్లీ వచ్చేవాడు. ఎండాకాలం వచ్చేసరికి నీళ్లెంత వేడి ఉండాలో అతనికే తెలిసింది. ఒకరోజు తను గడ్డం గీసుకుంటుంటే సీమోను దగ్గరగా వచ్చి ముఖం చాపాడు. ఇస్సాకు బ్రష్షుతో వాడి బుగ్గలకు నురగ పూశాడు. కదలకుండా ఉండమని గదుమ పట్టుకుని, పెదవి మీది నూగు మెల్లగా తీశాడు. సీమోను కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"అయిపోయింది బిడ్డా," అన్నాడు ఇస్సాకు.

లీలమ్మ పొయ్యి అంటించాలని లేచి, ఎందుకో మళ్లీ చాప మీద ఒరిగింది. కళ్లు తెరిచేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. రాత్రి మిగిలిన అన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకుని తండ్రీకొడుకులిద్దరూ తినేసినట్టున్నారు, గిన్నె ఖాళీగా ఉంది. ఆమె అటు తిరిగి మళ్లీ పడుకుంది.