పిన్నిగారి వరండాలో మార్పు చేప

ఆ రోజుల్లో అద్దెకు ఇల్లు దొరకడమంటే ఇంటావిడ పెట్టే పరీక్షలన్నీ పాసవడమే. (ఈ రోజుల్లో మాత్రం ఏం మారింది లెండి!) వన్ టౌన్‌లో ఒక బట్టల కొట్లో కొత్తగా పనికి కుదిరి, గుణదలలో ఒక వాటా సంపాదించాను. ఇంటావిడను పిన్నిగారనే పిలిచేవాళ్లం. ఆవిడ షరతు ఒక్కటే: "నీచు గుమ్మం దాటి లోపలికి రాకూడదు నాయనా." సరేనన్నాను. అప్పటికింకా మా ఆవిడకు వేవిళ్లు మొదలవలేదు మరి.

మొదలయ్యాక మంచినీళ్లు కూడా ఇమడలేదు. మనిషి పుల్లలా అయిపోయింది. డాక్టరమ్మ ఏదో ఒకటి తినిపించమంటుంది, ఈవిడేమో "మా అమ్మ చేసే మార్పు చేప పులుసైతే తింటానండీ" అంటుంది. ఆ మాట ఫోన్‌లో విన్నదే తడవు, చల్లపల్లి నుంచి మా అత్తగారు ప్రాణంతో ఉన్న చేపను క్యానులో పెట్టుకుని బస్సు దిగింది. చచ్చిన మార్పును ఆవిడ ముట్టదు. (చచ్చినదైతే నాకీ తిప్పలు ఉండేవి కావు.) "బాబూ, బకెట్లో వేసి మూత పెట్టండి" అంది. పెట్టాను. మూత మీద బరువు కూడా పెట్టాలని నాకెవరు చెప్పారు? వాళ్ల ఊళ్లో అందరికీ తెలిసిన సంగతేనట, అందుకే చెప్పలేదట! ఆ మీసాల నల్ల చేప నీళ్లు లేకపోయినా బతుకుతుందనీ, వానాకాలంలో నేలమీద పాకుతూ చెరువులు మారుతుందనీ నాకు తర్వాత తెలిసింది.

మసాలా నూరడం పూర్తవకముందే వరండాలోంచి కేక. పరిగెత్తాం. చేప జరజరా పాకుతూ పిన్నిగారి ముగ్గు మీదికి చేరింది. ఆవిడ కుర్చీ ఎక్కి నిలబడ్డారు.

"ఏంటబ్బాయ్ ఇది?"

"చేపండీ."

"చేప నడుస్తుందా?"

"ఇది నడుస్తుందండీ."

కడుపుతో ఉన్న మనిషిని వెంటబెట్టుకుని రేపు ఇల్లెక్కడ వెతకాలా అని నా బెంగ. అత్తగారికి ఆ చింతే లేదు. కొంగుతో చేపను ఒడిసిపట్టి, "కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగింది వదినగారూ" అంది.

పిన్నిగారు కుర్చీ దిగి నా మీద పడ్డారు. "ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా! కడుపుతో ఉన్న పిల్ల కోరిక కాదంటే నాకు పుట్టగతులుంటాయా? పెరట్లో వండుకోండి. ఈ ఒక్కసారికే!"

పెరట్లో పొయ్యి పెట్టి పులుసు కాచింది అత్తగారు. మా ఆవిడ మూత తీసి, వాసన చూసి, ముక్కు మూసుకుని వెనక్కి తిరిగింది. "ఏమండీ, పిన్నిగారింట్లో చారు పోపు వాసన వస్తోంది. కొంచెం అడుగుతారా?"

ఒళ్లు మండిపోయింది. అయినా గిన్నె పట్టుకుని వెళ్లి అడిగాను. పిన్నిగారు గిన్నె లాక్కుని, మా ఆవిడను తన వంటింట్లోనే కూర్చోబెట్టి వడ్డించారు. మా ఆవిడ మారు అడిగి మరీ చారన్నం తింది. నేను పెరట్లో ఒంటరిగా పులుసు ముందు కూర్చుని అందరినీ తిట్టుకున్నాను. పులుసు బ్రహ్మాండంగా ఉంది, కానీ ఆ కోపంలో ఒప్పుకోలేదు. అన్నాళ్లకు పెళ్లాం కడుపునిండా తింటోందని సంతోషపడాల్సినవాడు, చేప ముళ్లు ఏరుకుంటూ అలిగి కూర్చున్నాడు, వెర్రిబాగులవాడు.